చేసంచి



మా చిన్నతనమున అంగడికి పోవువాని భుజముపై గుడ్డసంచి తప్పక యుండెడిది. పప్పు కాగితపు పొట్లములోను, నూనె సీసాలోను ఇల్లు చేరెడివి. నేడు మా ఉప్పల్, నాచారము ప్రాంతములందు గుప్పెడు మిరపకాయలకు సైతము ఒక ప్లాస్టికు సంచి వచ్చుచున్నది. జనులు దానిని కవరు అందురు. దాని యుపయోగము ఇల్లు చేరువరకే. ఆయువు మాత్రము మన యాయువును మించినది.

మట్టిలోని సూక్ష్మజీవులు ఆకును, నూలుగుడ్డను జీర్ణింపజేయును. ఈ కవరును జీర్ణింపజేయజాలవు. ఎండకు పెళుసెక్కి తునుకలగును గాని మట్టి కానేరదు. వానకు కొట్టుకొనిపోయి మోరీకి అడ్డుపడును. మిగిలినది నల్లచెరువు వంటి చెరువులను చేరును. 2020 అక్టోబరులో నగరమును ముంచిన వానలను చూచినవారికి మోరీ విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

మిగిలిన యన్నమును కవరులో ముడివేసి పారవేయుదుము. ఆవు ముడి విప్పలేదు గనుక కవరుతోనే మ్రింగును. అది పొట్టలో పేరుకొని మేతకు చోటీయదు. పుట్టపర్తిలోని కరుణా సొసైటీవారు అట్టి యావులకు శస్త్రచికిత్సలు చేయించి, 2012లో సుప్రీము కోర్టు నాశ్రయించిరి.

చట్టము లేకపోలేదు. 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకంటె పలుచని ప్లాస్టికు చేసంచులు నిషిద్ధములు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవవంతు. పలుచనిది గాలికెగురును, త్వరగా చినుగును, ఏరువానికి గిట్టదు. దళమైనది మరల వాడుకకు వచ్చును. నియమమునకు కారణమిదియే.

అయినను భారమంతయు అమ్మువారిపై మోపుట న్యాయము కాదు. మా వీథి కూరగాయల యామె నాతో, "కవరు ఇయ్యకపోతే బేరం పక్క బండికి పోతది, సారూ" అనెను. ఆమె మాట నిజము. ఒక్క బండి మానలేదు, కొనువారు మానవలెను.

కనుక మేము కొన్ని యిండ్లవారము పాతపంచెలతో సంచులు కుట్టించి, గుమ్మము ప్రక్క మేకునకు తగిలించితిమి. మొదట పలుమారులు మరచి, బండి దాక పోయి వెనుదిరిగితిమి. క్రమముగా అలవాటైనది. కవరుల కట్టలకు ఆమె పెట్టు పైకము కొంత ఆమెకే మిగులుచున్నది. పాలు మాత్రము నేటికిని ప్లాస్టికులోనే వచ్చుచున్నవి. అంతయు సాధించితిమని చెప్పను.

వరంగల్లు త్రోవను వచ్చి ఉప్పల్‌లో బస్సు దిగు పెద్దలారా! మీ యిండ్లలో గుడ్డసంచి ఇంకను ఉండును. దానిని వెంట తెండు. పట్నమునుండి కవరులు మీ యూరికి పోవుటకంటె, మీ యూరి సంచి పట్నమునకు వచ్చుట మేలు.