వంక బాగుంటేనే మన బోరు బాగుంటుంది

వీడియోలో మీరు చూస్తున్నది మా ఊరి వంక. మాది పాత అనంతపురం జిల్లా, కదిరి వైపు. ఎప్పుడూ జీవామృతం, కషాయాల గురించి చెప్తుంటాను కదా, ఈసారి చేను దాటి బయటికొచ్చాను.

నా చిన్నప్పుడు ఎండాకాలంలో కూడా ఈ వంక ఇసుకలో మూరెడు తవ్వితే చెలమలో నీళ్లు ఊరేవి. పోయిన ఎండాకాలం నడుం లోతు తవ్వినా తడి తగల్లేదు. నా బోరు అరగంట పోసి ఆగిపోయేది. ఆచ్ఛాదన వేశా, నవధాన్యాలు చల్లా. అయినా నీళ్లు ఎందుకు తగ్గాయో అర్థం కాలేదు.

మా ఊరి గొర్రెలు కాసే తాతను అడిగితే, "చేన్లో వెతికితే ఏముంటాది నాయనా, పైకి పోయి చూద్దాం రా" అన్నాడు. ఇద్దరం వంక వెంబడి గుట్ట దాకా నడిచాం. గుట్ట కింద బీడును ఎవరో చదును చేసేశారు, బోద గడ్డి లేదు, పొదలు లేవు. కింద ఇసుక ట్రాక్టర్ల గుంతలు. ఇంకా కిందికొస్తే రెండు పక్కలా రైతులు గట్లు జరుపుకున్నారు. అందులో నేనూ ఉన్నా. ఐదారు సాళ్లు వంకలోకి కలుపుకున్నా. ఇల్లు కట్టినప్పుడు ఇసుక కూడా ఇక్కడిదే తోలుకున్నా.

ఒక్క లెక్క చూడండి. ఎకరా నేలపై 25 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు లక్ష లీటర్లు. గడ్డీ పొదలూ ఉంటే ఆ నీళ్లు నెమ్మదించి ఇంకుతాయి. నున్నటి నేలైతే పైమట్టిని కూడా తీసుకొని పోతాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే పడే మాలాంటి చోట ఇది చిన్న నష్టం కాదు.

పైగా మన సేద్యానికి సరుకు ఇచ్చేదీ ఆ బీడే. 200 లీటర్ల జీవామృతానికి 10 కిలోల పేడ కావాలి, ఆ ఆవు మేసేది అక్కడే. కషాయాలకు కానుగ, వావిలి, సీతాఫలం ఆకు తెచ్చేదీ అక్కడి నుంచే.

అందుకే ముందు నా గట్టు వెనక్కి తీసుకున్నా. ఆ జాగాలో కానుగ, వట్టివేరు నాటా. ఆ తర్వాతే మిగతా వాళ్లను అడగడానికి నోరొచ్చింది. ఎనిమిది మందిమి కలిసి గ్రామసభలో వంక పోరంబోకు కొలవమని అర్జీ ఇచ్చాం. ఉపాధి హామీలో గుట్ట మీద కందకాలు అడిగాం, కొన్ని తవ్వారు. చదును చేసిన బీడు సంగతి ఇంకా తేలలేదు.

మీరూ మీ సర్వేయర్ దగ్గర ఎఫ్‌ఎంబీ పటం చూడండి, వంక హద్దు ఎక్కడుందో తెలుస్తుంది. భూగర్భ జలానికి దెబ్బ తగిలే చోట ఇసుక తవ్వకం ఆపడానికి 2002 నాటి వాల్టా చట్టం ఉంది. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. అర్జీలో ఈ రెండూ రాయండి.

ఈసారి వానకు వంక నాలుగు రోజులు పారింది. ముందు ఒక్క పూటలో అయిపోయేది. బోరు ఇంకా కోలుకోలేదు, ఉన్నమాట చెప్తున్నా. ఎండాకాలంలో అదే చోట మళ్లీ చెలమ తవ్వుతా. నీళ్లు పడినా పడకపోయినా వీడియో పెడతా.