డిగ్రీ ఫిజిక్సుకు ఏ పుస్తకం మంచిది?

బిలాస్‌పూర్‌ తెలిపారాలో ఉండే ఒక తెలుగమ్మాయి ఈ ఏడాది బీఎస్సీలో చేరింది. రైల్వే ఉద్యోగం కోసం తాతగారి కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఇప్పుడు కాలేజీలో ఇంగ్లీషు. మొదటి వారంలోనే ఆమెకు ఒక చిక్కొచ్చింది. ‘‘శక్తికి ప్రమాణం వాట్‌ అని నేను రాశాను. కాదు, జౌల్‌ అని నాన్న దిద్దారు. ఎవరిది తప్పన్నా?’’ అని నన్ను అడిగింది.

ఇద్దరిదీ తప్పు కాదు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో శక్తి అంటే ఎనర్జీ. పవర్‌ను సామర్థ్యం అంటాం. హిందీ పుస్తకాల్లో ఎనర్జీని ఊర్జా అనీ, పవర్‌ను శక్తి అనీ అంటారు. బలం, త్వరణం, ఘర్షణ, జడత్వం రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే. కానీ మన ద్రవ్యవేగం హిందీలో సంవేగ్‌ అవుతుంది. వినడానికి ఒకేలా ఉన్న మాట వేరే భౌతికరాశిని సూచిస్తుంటే తికమక తప్పదు.

ఆ తర్వాత ఆమె అసలు ప్రశ్న అడిగింది: ఏ పుస్తకం కొనాలి? ఇది డబ్బుకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. పుస్తకం తమకు సరిపోకపోతే, తామే ఫిజిక్సుకు సరిపోమని చాలామంది పిల్లలు అనుకుంటారు. డిగ్రీ మొదటి ఏడాదిలో పేరు విని ఫైన్‌మన్‌ పుస్తకం కొని, రెండు నెలలు నేనూ అలాగే అనుకున్నాను.

జాబితా ఒకటే, మెట్లు వేరు

యూజీసీ సీబీసీఎస్‌ నమూనా సిలబస్‌లో యాంత్రికశాస్త్రం పేపరు కింద క్లెప్నర్‌–కోలెంకోవ్‌, బర్క్‌లీ మొదటి సంపుటం, రెస్నిక్‌–హాలిడే–వాకర్‌, ఫైన్‌మన్‌ మొదటి సంపుటం పక్కపక్కనే కనిపిస్తాయి. ఇవన్నీ ఒకే పాఠకుడి కోసం రాసినవి కావు. 1960లో తొలిసారి వచ్చిన హాలిడే–రెస్నిక్‌ కలనగణితం అప్పుడే నేర్చుకుంటున్న విద్యార్థిని చేయి పట్టుకుని నడిపిస్తుంది. 1973 నాటి క్లెప్నర్‌–కోలెంకోవ్‌ గణితంలో గట్టి పునాది ఉన్నవారికి తగినది. ఫైన్‌మన్‌ 1961–63 మధ్య కాల్‌టెక్‌లో ఇచ్చిన ఉపన్యాసాలే ఆయన పుస్తకం. అవి విద్యార్థులకు ఎంతవరకు ఉపయోగపడ్డాయోనని ముందుమాటలో ఆయనే సందేహపడ్డారు. పైగా ఆ సంపుటాల్లో అధ్యాయాల చివర అభ్యాసాలు ఉండవు. ఒక పాఠం అర్థమయ్యాక చదివితే అవి అద్భుతంగా ఉంటాయి. వాటితోనే మొదలుపెట్టడం కష్టం.

విద్యుదయస్కాంతత్వంలోనూ ఇంతే. గ్రిఫిత్స్‌ మొదటి అధ్యాయం మొత్తం సదిశల గణితమే. పర్సెల్‌ అయస్కాంత బలాన్ని సాపేక్ష సిద్ధాంతం నుంచి రాబడతారు. పాత పుస్తకాల దుకాణంలో పర్సెల్‌ దొరికితే ఏ ముద్రణో చూడండి. మొదటి రెండు ముద్రణలు సీజీఎస్‌ ప్రమాణాల్లో ఉన్నాయి. 2013 నాటి మూడో ముద్రణ ఎస్‌ఐకి మారింది. పాతదాంట్లో కూలుంబ్‌ నియమంలో 1/4πε₀ కనిపించదు. అది అచ్చు తప్పు కాదు, ప్రమాణాల తేడా.

రైలింజన్‌ పరీక్ష

కొనే ముందు గ్రంథాలయంలో రెండు మూడు పుస్తకాలు ముందేసుకుని, అన్నింట్లోనూ ఒకే అంశం చదవండి. మన రైల్వే ఊరికి తగిన ప్రశ్న ఒకటుంది. ఇంజన్‌ బోగీని ఎంత బలంతో ముందుకు లాగుతుందో, బోగీ ఇంజన్‌ను అంతే బలంతో వెనక్కి లాగుతుంది. మరి రైలు ఎలా కదులుతుంది?

ఆ రెండు బలాలు వేర్వేరు వస్తువుల మీద పనిచేస్తాయి కాబట్టి ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. ఇంజన్‌ చక్రాలు పట్టాలను వెనక్కి నెడతాయి. పట్టాలు ఘర్షణ ద్వారా ఇంజన్‌ను ముందుకు నెడతాయి. ఈ బలం, బోగీ వెనక్కి లాగే బలాన్నీ ఇతర నిరోధాలనూ మించితే ఇంజన్‌ త్వరణం పొందుతుంది. మంచి పుస్తకం ఇంజన్‌నూ బోగీనీ విడివిడిగా గీసి, దేనిమీద ఏ బలాలున్నాయో చూపిస్తుంది. కొన్ని పుస్తకాలు నియమాన్ని ఒక్క వాక్యంలో చెప్పి నేరుగా లెక్కల్లోకి వెళ్లిపోతాయి.

ఇది చిన్న విషయం కాదు. 1992లో హెస్టెనెస్‌, వెల్స్‌, స్వాక్‌హామర్‌ రూపొందించిన బలభావనల ప్రశ్నపత్రంలో ట్రక్కు, కారు ఢీకొనే ప్రశ్న ఉంది. లెక్కలు బాగా చేసే విద్యార్థుల్లోనూ చాలామంది ట్రక్కే ఎక్కువ బలం ప్రయోగిస్తుందని రాస్తారు. 62 కోర్సుల్లో 6,000 మందికి పైగా విద్యార్థుల ఫలితాలను రిచర్డ్‌ హేక్‌ 1998లో పోల్చారు. పాఠం వినడానికే పరిమితమైన తరగతులు, సాధ్యమైన మెరుగుదలలో సగటున 23 శాతమే సాధించాయి. చర్చలతో నడిచిన తరగతుల్లో అది 48 శాతం. అంటే పుస్తకం ఎంత మంచిదైనా ఒంటరిగా చదివితే చాలదు. పక్కవారితో వాదించడానికి పనికొచ్చే ప్రశ్నలు అందులో ఉండాలి.

ఒకటి చేతిలో, ఒకటి పక్కన

నేను ఆ అమ్మాయికి చెప్పింది ఇదే. సాధించిన ఉదాహరణలు ఎక్కువగా ఉండి, గణితం నీ స్థాయికి ఒక మెట్టు మాత్రమే పైన ఉండే పుస్తకం ఒకటి కొనుక్కో. దాంట్లో అర్థం కానిది మరో పుస్తకంలో చూడు. ఫైన్‌మన్‌ సంపుటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవొచ్చు, కొననక్కర్లేదు. భావన పట్టుబడనప్పుడు తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకమో హిందీ పుస్తకమో తెరవడంలో చిన్నతనం లేదు.

భారతీయ భాషల్లో ఐదేళ్లలో 22,000 పుస్తకాలు తెచ్చేందుకు యూజీసీ 2024లో ‘అస్మిత’ పథకాన్ని ప్రారంభించింది. అవి వచ్చినా, శక్తి లాంటి మాటల విషయంలో మూడు భాషల మధ్య పెరిగే పిల్లలకు ఒక పదకోశం అవసరమే.

ఆమె నోటుబుక్కు చివరి పేజీలో మూడు గడులు గీసుకుంది: తెలుగు, హిందీ, ఇంగ్లీషు. మొదటి వరుసలో శక్తి, ఊర్జా, ఎనర్జీ, పక్కన జౌల్‌. రెండో వరుసలో సామర్థ్యం, శక్తి, పవర్‌, పక్కన వాట్‌. ఆ పేజీ నాన్నకు చూపిస్తానంది.