పొయ్యి ముందుగనే చెప్పును

మన గోదావరి సీమలో ఒకప్పుడు పొయ్యి చెడుట యనగా మట్టి బీటలువారుటయో, గడ్డ విరుగుటయో. ఇంత మట్టి, ఇంత పేడ కలిపి మెత్తినచో మరునాటికి సిద్ధము. కొబ్బరి డొక్కల పొగకు కన్నులు మండించుకొనిన ఆ దినములను మేము పొగడబోము. కాని ఆ పొయ్యి చెడినచో కంటికి కనబడెడిది. ఇప్పటి గ్యాసు పొయ్యి యట్లు కాదు. దాని గుర్తులను మనమే యెఱిగి యుండవలెను.

ముందుగా మంటను చూడుడు. సరిగా మండునది నీలముగా, నిలకడగా నుండును. అది పసుపుపచ్చనై, నాలుకలు చాచుచు, గిన్నె యడుగున మసి పట్టించుచున్నచో గ్యాసునకు తగినంత గాలి కలియుట లేదన్నమాట. అన్నము పొంగి, గంజి పడి బర్నరు రంధ్రములు పూడుకొనుట మన యిండ్లలో దీనికి తఱచైన కారణము. గిన్నెలు సరిగా తోమలేదని పనిమనిషిని కసరుకొనుటకు ముందు బర్నరును తీసి చూచుట న్యాయము! చల్లారిన పిమ్మట దానిని కడిగి, రంధ్రములను సూదితో శుభ్రపఱచి, తడి బాగుగా ఆరనిచ్చి యమర్చినచో పెక్కుసారులు మంట మరల నీలమగును. కానిచో మెకానిక్కును పిలిపింపవలెను. తలుపులు, కిటికీలు మూసిన గదిలో నిట్టి మంట మండుచున్నచో కార్బన్ మోనాక్సైడు అను వాసనలేని విషవాయువు నిండును. వంట చేయునప్పుడు తలనొప్పి, కడుపులో త్రిప్పుట కలిగి, వెలుపలికి వచ్చినంతనే తగ్గుచున్నచో అది వేసవి తాపమని యూరకుండరాదు.

సిలిండరులోని గ్యాసునకు స్వతహాగా వాసన లేదు. కారినచో తెలియుటకై మెర్కాప్టాన్ అను దుర్గంధద్రవ్యమును కలుపుదురు. అయినను వంటయింటిలోనే యున్నవారి ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోవును. పడిశము పట్టినవారికిని, వృద్ధులకును అది సరిగా తెలియదు. కావున వీధినుండి వచ్చిన పిల్లవాడు “అమ్మా, గ్యాసు వాసన” అనినచో వాని మాట నమ్ముడు.

వాసనను లెక్కచేయకున్న నేమగునో మన సీమవారికి తెలియనిది కాదు. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామమున గెయిల్ సంస్థవారి గొట్టమునుండి వెలువడిన సహజవాయువు అంటుకొని 20 మందికి పైగా మరణించిరి. ఒక టీ దుకాణమున పొయ్యి వెలిగించినప్పుడు మంట పుట్టినదని అప్పటి వార్తలు తెలిపినవి. అంతకుముందే గ్యాసు కారుచుండెననియు, చెప్పుకొనినను ఆలకించినవారు లేరనియు గ్రామస్థులు వాపోయిరి. భూమిలోని ఆ గొట్టము గృహిణుల చేతిలోనిది కాదు. మన వంటయింటి గొట్టము మన చేతిలోనిదే.

వాసన వచ్చినప్పుడు దీపపు స్విచ్చి వేయరాదు, ఆర్పరాదు. ఫ్యాను సంగతియు నంతే. దేవుని దీపమున్నచో కొండెక్కింపుడు. రెగ్యులేటరును కట్టి, తలుపులు, కిటికీలు తెఱచి, పిల్లలతో వెలుపలికి వచ్చి, అచ్చటనుండి 1906 నంబరుకు ఫోను చేయవలెను. సిలిండరు గ్యాసు గాలికంటె బరువైనది, నేలనంటి ప్రాకును. అందుచే క్రిందివఱకు తెఱచు తలుపే ముఖ్యము. గొట్టముల ద్వారా సహజవాయువు వచ్చు ఇండ్లలో మాత్రము అది తేలికయై పైకప్పును చేరును గనుక ఎత్తయిన కిటికీలను గూడ తెఱువవలెను.

ఇక రబ్బరు గొట్టము. అది పగుళ్లువారినను, గట్టిపడినను, ఎలుక కొఱికినను మార్పింపవలసినదే. ఏ లోపమును కనబడకున్నను 5 సంవత్సరములకు మించి వాడరాదు. తయారైన కాలము దానిపైననే ముద్రింపబడి యుండును. ఇంటి లెక్కలు చూచు యజమానులు “బాగుగనే యున్నది గదా, వచ్చే నెల చూతము” అందురు. ఆ ముద్రను వారికి చూపుడు. అతుకుల యొద్ద అనుమానమున్నచో పొయ్యి వెలిగింపక, సబ్బునీటి నురుగు పూసి చూడుడు. బుడగలు లేచినచో కారుచున్నదని యర్థము. కొందఱు అగ్గిపుల్ల గీచి చూతురు. అది యెన్నటికిని కూడదు.