లెట్యూస్ విత్తనం మొలవలేదా? వేడి, వెలుతురు చూసుకోండి

"లెట్యూస్ గింజలు వేసి పదిహేను రోజులైంది, ఒక్కటీ మొలవలేదు, నకిలీ విత్తనమేమో" అని మిద్దె తోటల వాళ్లు చాలామంది అంటుంటారు. విత్తనం పారేసే ముందు రెండు సంగతులు చూసుకోవాలి.

మొదటిది వేడి. లెట్యూస్ చలికాలపు పంట. మట్టి 15 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంటే వారం లోపే మొలక వచ్చేస్తుంది. 30 డిగ్రీలు దాటితే చాలా రకాల్లో గింజ బతికే ఉంటుంది కానీ నిద్రలోకి పోతుంది. అందుకే మన దగ్గర అక్టోబర్ చివరి నుంచి జనవరి వరకు విత్తుకోవాలి. ఎండ ఇంకా తగ్గలేదనుకుంటే గింజల్ని తడి గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి 2, 3 రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. తర్వాత సాయంత్రం పూట విత్తి ట్రేని నీడలో పెట్టండి.

రెండోది వెలుతురు. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో లెట్యూస్ గింజలపై ప్రయోగాలు చేశారు. ఎర్ర కాంతి పడితే మొలిచాయి, వెంటనే ఫార్ రెడ్ కాంతి పడితే ఆగిపోయాయి. కాబట్టి బెండ గింజలా లోతుగా పెట్టకండి. పైన చల్లి, కనపడీ కనపడనట్టు కోకోపీట్ పొడి చల్లితే చాలు. మొలిచేదాకా స్ప్రేయర్‌తో తడి ఆరకుండా చూసుకోవాలి.

రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు కోకోపీట్, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు ఘన జీవామృతం కలపండి. వేర్లు పైపైనే ఉంటాయి కాబట్టి 6 అంగుళాల లోతు సరిపోతుంది. నాలుగు ఆకులు రాగానే నారు తీసి 8 అంగుళాల దూరంలో నాటుకోవాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ట్రేలో 4, 5 మొక్కలు పడతాయి. ఉదయపు ఎండ తగిలే బాల్కనీ అయితే చాలా మంచిది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇది పచ్చిగా తినే ఆకు. జీవామృతం, నీమాస్త్రం రెండింటిలోనూ పేడ, మూత్రం ఉంటాయి. వీటిని ఆకుల మీద పిచికారీ చేయకండి. జీవామృతాన్ని ఒకటికి పది పాళ్ల నీళ్లు కలిపి మొదట్లో మట్టికే పోయండి, కోతలు మొదలయ్యే ముందే ఆపేయండి. పేనుబంక వస్తే నీళ్లు గట్టిగా కొట్టి కడిగేయండి. కోసిన ఆకుల్ని శుభ్రంగా కడిగే తినాలి.

విత్తిన 45, 50 రోజులకు బయటి ఆకులు కోసుకోవచ్చు. మధ్య మొగ్గని వదిలితే మళ్లీ మళ్లీ ఆకులు వస్తాయి. ఎండలు ముదిరితే కాడ పైకి లేస్తుంది, ఆకు చేదెక్కుతుంది. సూటి రకమైతే అన్నిటికంటే ఆలస్యంగా కాడ లేపిన మొక్కని విత్తనానికి వదలండి. దీనిలో స్వపరాగ సంపర్కం కాబట్టి రకం పెద్దగా మారదు. పసుపు పూలు ఎండి తెల్ల నూగు కనపడగానే గింజలు దులుపుకోండి. ఆ ఒక్క మొక్కే వచ్చే ఏడాది మీ ట్రేలన్నిటికీ సరిపడా విత్తనం ఇస్తుంది.

విత్తడం నుంచి కోత దాకా వీడియోలో చూపించాను, చూసి ఈ చలికాలం ఒక ట్రేతో మొదలుపెట్టండి.