మీకు తెలుసా? పేరు దాచుకుని బతికిన పిల్లలు

హిట్లర్ కాలంలో ఐరోపాలో నాజీలు, వాళ్ళ తొత్తులు కలిసి పొట్టన పెట్టుకున్న 60 లక్షల మంది యూదుల్లో దాదాపు 15 లక్షల మంది పిల్లలే. వెట్టిచాకిరి చేయించుకోవడానికి పెద్దవాళ్ళనైనా కొన్నాళ్ళు బతకనిచ్చారు గానీ, చంటిబిడ్డలతో నాజీలకు పనేముంది? అయినా కొందరు మిగిలారు. ఎలా మిగిలారని ఆరా తీస్తే ధైర్యం, అదృష్టం ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు కాగితాలూ బోలెడు కనిపిస్తాయి: మెడలో నంబరు చీటీలు, దొంగ గుర్తింపు కార్డులు, అర్థంకాని గుర్తులతో నింపిన నోటు పుస్తకాలు. ప్రాణం దక్కాలంటే ముందు పేరు పోవాలి. ఆ పేరు మళ్ళీ దొరకాలంటే ఎవరో ఒకరు ఎక్కడో రాసిపెట్టి ఉండాలి.

తలకు 50 పౌండ్లు

1938 నవంబరు 9, 10 తేదీల్లో జర్మనీ అంతటా యూదుల ప్రార్థనామందిరాలు తగలబెట్టాక బ్రిటన్ ఒక నిర్ణయం తీసుకుంది. 17 ఏళ్ళలోపు పిల్లలను రానిస్తాం, తల్లిదండ్రులను మాత్రం కాదు. మొదటి జట్టు, దాదాపు 200 మంది, డిసెంబరు 2న హార్విచ్ రేవులో దిగింది. తర్వాత ఒక్కో బిడ్డకు 50 పౌండ్ల పూచీ కట్టాలన్న నిబంధన కూడా వచ్చి పడింది. ఒక పెట్టె, 10 మార్కులు, మెడలో నంబరు. యుద్ధం మొదలయ్యేలోపు ఇలా దాదాపు 10,000 మంది గట్టెక్కారు. ఎక్కువమంది మళ్ళీ అమ్మానాన్నలను చూడలేదు.

అదే 1939లో అమెరికా చట్టసభ ముందుకు 20,000 మంది పిల్లలను రానిద్దామంటూ ఒక బిల్లు వచ్చింది. ఓటింగు దాకా కూడా పోకుండానే అది చచ్చిపోయింది.

బ్రిటన్ ఉదారతకూ ఒక మెలిక ఉంది. 1940లో జర్మన్ దండయాత్ర భయం పట్టుకోగానే, 16 ఏళ్ళు దాటిన ఈ పిల్లల్లో దాదాపు వెయ్యిమందిని ‘శత్రుదేశస్థులు’ అంటూ నిర్బంధించారు. వియన్నా నుంచి వచ్చిన వాల్టర్ కోన్‌ను కెనడా శిబిరానికి ఓడెక్కించారు. అతని తల్లిదండ్రులు నాజీల శిబిరం ఔష్విట్స్‌లో హతమయ్యారు. 1998లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్న కోన్ ఆయనే. ఇక జర్మనీ ఇలా బ్రిటన్ చేరిన పిల్లలకు పరిహారం ప్రకటించింది 2018 డిసెంబరులో, మనిషికి 2,500 యూరోలు. అప్పటికి ఆ ‘పిల్లలు’ ఎనభై, తొంభై ఏళ్ళవాళ్ళు.

ట్రాము అడ్డొస్తే చాలు

ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదులను శిబిరాలకు పంపేముందు ఒక నాటకశాలలో కుక్కేవారు. పిల్లల గోల భరించలేక వాళ్ళను మాత్రం రోడ్డుకు అవతలున్న క్రెష్‌లో ఉంచారు. నాజీలు చేసిన ఆ ఏర్పాటే వాళ్ళ కన్నుగప్పడానికి దారి చూపింది. నాటకశాలలో లెక్కలు చూసే వాల్టర్ సుస్కిండ్ అనే యూదుడు జాబితాలోంచి పిల్లల పేర్లు మాయం చేసేవాడు. క్రెష్ నడిపే హెన్రియెట్ పిమెంటల్ అమ్మానాన్నల ఒప్పుదల తీసుకుని పిల్లలను సిద్ధం చేసేది. వీధిలో ట్రాము వచ్చి నిలబడగానే ఎదుటి కాపలావాడికి క్రెష్ గుమ్మం కనబడదు. ఆ కాస్త సందులో ఒకావిడ పిల్లవాడి చెయ్యి పట్టుకుని ట్రాము చాటునే నడిచి వెళ్ళిపోయేది. పెరటి కంచె అవతల ఉపాధ్యాయ శిక్షణ కళాశాల. దాని ప్రధానాధికారి యోహాన్ వాన్ హుల్స్ట్ కంచె మీదుగా పిల్లలను అందుకునేవాడు. ఇలా దాదాపు 600 మంది బయటపడ్డారు. పిమెంటల్, సుస్కిండ్ ఇద్దరూ నాజీల చేతుల్లోనే పోయారు. వాన్ హుల్స్ట్ మాత్రం 107 ఏళ్ళు బతికి 2018లో కన్నుమూశాడు.

యాపిల్ చెట్టు కింద పేర్లు

వార్సాలో సంక్షేమశాఖ ఉద్యోగిని ఇరెనా సెండ్లర్ పేరు వాట్సాప్ పుణ్యమా అని మనలో చాలామంది విన్నదే. టైఫస్ తనిఖీ పేరుతో యూదుల ఘెట్టోలోకి వెళ్ళి పిల్లలను బయటకు చేరవేసింది. ఫార్వర్డుల్లో ఆమె ఒక్కతే చేసినట్టు ఉంటుంది. నిజానికి వెనక పెద్ద జట్టే ఉంది. ఒంటిచేత్తో అయ్యే పని కాదది. కాపాడినవాళ్ళ సంఖ్య దాదాపు 2,500 అని చెబుతారు.

నాకు ఆ సంఖ్యకంటే ఆమె పెట్టిన లెక్క ముఖ్యమనిపిస్తుంది. ప్రతి బిడ్డ అసలు పేరు, కొత్త పేరు, చేర్చిన చోటు సన్నని కాగితాల మీద రాసి, గాజు సీసాల్లో పెట్టి, స్నేహితురాలి పెరట్లో యాపిల్ చెట్టు కింద పాతిపెట్టింది. 1943లో నాజీ రహస్య పోలీసు దళం గెస్టాపో పట్టుకుని చిత్రహింసలు పెట్టినా నోరు విప్పలేదు. లంచమిచ్చి ఆమెను విడిపించారు. యుద్ధం ముగిశాక సీసాలు తవ్వి తీస్తే పేర్లు పదిలంగానే ఉన్నాయి. పిల్లలను వెతుక్కుంటూ రావాల్సిన తల్లిదండ్రులే చాలావరకు లేరు.

అదే ఘెట్టో నుంచి ఆరు నెలల పసికందు ఒకతెను గాలి రంధ్రాలు పెట్టిన చెక్కపెట్టెలో, ఇటుకల మధ్య దాచి దాటించారు. ఆ పెట్టెలో ఒక వెండి చెంచా దొరికింది. దానిమీద ముద్దుపేరు, పుట్టిన తేదీ చెక్కి ఉన్నాయి. పుట్టింటి గురుతుగా ఆ బిడ్డకు మిగిలింది అదొక్కటే.

బెల్జియంలో ఇదే పని ఇంకా పకడ్బందీగా జరిగింది. అక్కడి రహస్య సంఘం ఒక పుస్తకంలో అసలు పేరు, ఒకదానిలో మారుపేరు, మరోదానిలో చిరునామా రాసి, అన్నింటినీ ఒక కోడ్ నంబరుతో ముడిపెట్టేది. పుస్తకాలు వేర్వేరు చోట్ల ఉండేవి. ఒకటి శత్రువు చేతికి చిక్కినా దాంతో ఏమీ తేలదు. వందల మంది పిల్లలను స్వయంగా చెయ్యిపట్టి తీసుకెళ్ళిన బ్రసెల్స్ పంతులమ్మ ఆంద్రే గూలెన్ 2022లో, నూరేళ్ళు నిండాక, వెళ్ళిపోయింది. దారిలో ఆ పిల్లలకు ఆమె నేర్పాల్సిన పాఠం ఒకటే: ఎవరు అడిగినా పాత పేరు చెప్పొద్దు.

బంతి సరిహద్దు దాటింది

ఫ్రాన్స్‌లో జార్జ్ లువాంజే వ్యాయామ ఉపాధ్యాయుడు. స్విట్జర్లాండ్ సరిహద్దు పక్కనే పిల్లలచేత బంతాట ఆడించేవాడు. బంతిని సరిహద్దు అవతలికి విసిరి, పరుగెత్తి తెచ్చుకోమనేవాడు. వెళ్ళినవాళ్ళు వెనక్కి రావాల్సిన పనిలేదు. అతనికి వరసకు తమ్ముడైన ఒక కుర్రాడు కూడా పిల్లలను దాటించేవాడు. చప్పుడు చేయకుండా వాళ్ళను నవ్వించడంలో దిట్ట. తర్వాత ప్రపంచప్రసిద్ధి పొందిన మూకాభినయ కళాకారుడు మార్సెల్ మార్సో ఇతనే.

ఆ సరిహద్దుకు మరో ముఖం కూడా ఉంది. సాల్ ఫ్రీడ్‌లాండర్ అనే పదేళ్ళవాణ్ణి అమ్మానాన్నలు భద్రం కోసం ఫ్రాన్స్‌లో ఒక కేథలిక్ వసతి బడిలో వదిలి, తాము స్విట్జర్లాండ్ వైపు నడిచారు. అప్పుడు స్విస్ అధికారులు చిన్నపిల్లలున్న జంటలనే రానిస్తున్నారు. వీళ్ళ చేతిలో బిడ్డ లేడు. వెనక్కి పంపారు. ఇద్దరూ ఔష్విట్స్‌లో పోయారు. బిడ్డ కొత్త పేరుతో, కొత్త మతంతో పెరిగి, క్రైస్తవ గురువు కావాలనుకున్నాడు. ఔష్విట్స్‌లో ఏం జరిగిందో ఒక జెస్యూట్ గురువు చెప్పాకే దారి మారింది. నాజీ కాలం మీద ఆయన రాసిన చరిత్రకు 2008లో పులిట్జర్ వచ్చింది.

తిరగేసిన స్వెటర్

ఏడేళ్ళ డానియల్ కానెమన్ పారిస్‌లో నేస్తం ఇంట్లో ఆడుకుంటూ యూదుల కర్ఫ్యూ వేళ మరిచిపోయాడు. యూదులకు తప్పనిసరి చేసిన పసుపు నక్షత్రం కనబడకుండా స్వెటర్ తిరగేసి తొడుక్కుని ఇంటికి పోతుంటే ఎదురుగా నల్ల యూనిఫారం జర్మన్ సైనికుడు. పిలిచి, ఎత్తుకుని, తన కొడుకు ఫొటో చూపించి, డబ్బులిచ్చి పంపాడు. మనుషుల బుర్ర ఎలా పనిచేస్తుందో జీవితమంతా పరిశోధించి 2002లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న మనస్తత్వవేత్త చెప్పిన ఉదంతం ఇది.

కరాచీ మీదుగా

పోలండ్ నుంచి పారిపోయి, సోవియట్ దేశమంతా తిరిగి, 1942లో ఇరాన్ చేరిన యూదు పిల్లలున్నారు. ‘టెహ్రాన్ పిల్లలు’ అంటారు. పాలస్తీనాకు ఇరాక్ మీదుగా వెళితే దగ్గర దారి, కానీ ఇరాక్ కుదరదంది. అందుకని 1943 జనవరిలో వందలాది పిల్లలను ఓడలో అప్పటి మన దేశపు రేవు కరాచీకి తెచ్చి, అక్కణ్ణుంచి అరేబియాను చుట్టి సూయజ్‌కు పంపారు. ఫిబ్రవరి 18న గమ్యం చేరారు. అన్నట్టు, నవానగర్ మహారాజు జామ్ సాహెబ్ బాలాచడిలో ఆశ్రయమిచ్చిన పోలిష్ పిల్లలు వేరు. వాళ్ళలో ఎక్కువమంది కేథలిక్కులు. రెండు కథలనూ కలిపి చెప్పేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు.

హిట్లర్ కుర్రాళ్ళ దుస్తుల్లో

బుకెన్‌వాల్డ్ శిబిరంలో 66వ నంబరు బ్యారక్ పిల్లలది. దాని పెద్ద ఆంటోనిన్ కాలినా అనే చెక్ కమ్యూనిస్టు ఖైదీ. చివరి రోజుల్లో యూదులను బయటకు రమ్మంటే, కార్డులు మార్చేసి, ఇక్కడ యూదులు లేరు పొమ్మన్నాడు. 1945 ఏప్రిల్ 11న విముక్తి వచ్చేసరికి శిబిరంలో దాదాపు 900 మంది కుర్రాళ్ళు బతికున్నారు. తర్వాత రచయితగా పేరొందిన ఎలీ వీజెల్, అప్పటికి 16 ఏళ్ళవాడు, వాళ్ళలో ఒకడు.

ఒంటిమీద గుడ్డల్లేవు. గోదాములో దొరికినవి హిట్లర్ యువజన దళం యూనిఫారాలు. వాటినే తొడిగి 426 మందిని రైల్లో ఫ్రాన్స్‌కు పంపితే, స్టేషన్లలో జనం నాజీలనుకుని తిట్టిపోశారు. చివరికి పెట్టెల మీద ‘బుకెన్‌వాల్డ్ అనాథలు’ అని రాయాల్సి వచ్చింది.

మాయమైన రొట్టె

యుద్ధం ముగిశాక వెయ్యిమంది అనాథలను రానిస్తామంది బ్రిటన్. ఎంత వెతికినా తేగలిగింది 732 మందినే. మొదటి 300 మంది 1945 ఆగస్టులో బాంబర్ విమానాల్లో వచ్చి, విండర్‌మియర్ సరస్సు పక్కన బస చేశారు. తొలి భోజనంలో బల్లమీద పెట్టిన రొట్టె కళ్ళముందే మాయమైంది. తినలేదు, పరుపుల కింద దాచారు. రేపు ఉంటుందన్న నమ్మకం కుదరడానికి చాలా రోజులు పట్టింది. ఆ జట్టులో ఎముకల గూడులా వచ్చిన బెన్ హెల్ఫ్‌గాట్ 1956, 1960 ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున బరువులెత్తాడు.

అప్పుడే టెరెజిన్ శిబిరం నుంచి మూడేళ్ళ పసివాళ్ళు ఆరుగురు వచ్చారు. ఊహ తెలిసేసరికే తల్లి లేదు. ఫ్రాయిడ్ కూతురు ఆనా ఫ్రాయిడ్ పర్యవేక్షణలో ససెక్స్‌లోని ఒక ఇంట్లో ఉంచారు. బొమ్మలు విరగ్గొట్టారు, పెద్దవాళ్ళను కొట్టారు, కొరికారు. కానీ ఒకరినొకరు వదిలేవాళ్ళు కాదు. ఒక్కణ్ణి పక్కకు తీసుకెళితే మిగతా ఐదుగురూ గోల. తినుబండారం చేతికిస్తే ముందు పక్కవాడికి. 1951లో ఆమె ప్రచురించిన ఆ పరిశీలన పిల్లల మనస్తత్వం చదివేవాళ్ళు ఇప్పటికీ తిరగేస్తారు. ‘అమ్మ లేకపోతే బిడ్డకు ప్రేమించడమే రాదు’ అని తేల్చేసేవాళ్ళకు ఆ ఆరుగురు ఒక చిక్కుప్రశ్న.

తిరిగి ఇవ్వం

దాచినవాళ్ళందరూ తిరిగి అప్పగించలేదు. తల్లిదండ్రులను ఔష్విట్స్‌కు తరలించాక గ్రెనోబుల్‌లో మిగిలిన ఫినలీ అన్నదమ్ములిద్దరినీ పెంచినావిడ మేనత్తలకు ఇవ్వనంది. 1948లో బాప్తిస్మం ఇప్పించింది. కోర్టు ఇచ్చెయ్యమన్నాక పిల్లలను పిరెనీస్ కొండలు దాటించి స్పెయిన్‌లో దాచారు. గురువులు, నన్‌లు అరెస్టయ్యారు. 1953లో గానీ పిల్లలు బంధువులకు దక్కలేదు. ప్రాణం పోసిందన్న కృతజ్ఞత ఎంతైనా ఉండనీ, అప్పటికి మేనత్తలు ఎనిమిదేళ్ళుగా అడుగుతున్నారు. నా మటుకు నాకు ఆమె పక్షాన నిలబడటం సాధ్యం కాదు.

ఇద్దరు తల్లుల కొడుకు

1943లో విల్నా దగ్గర ఒక యూదు తల్లి నెలల బిడ్డను పోలిష్ స్త్రీకి ఇస్తూ, నువ్వు నమ్మే యేసు కూడా యూదుడే కదా, వీణ్ణి కాపాడు, పెద్దయ్యాక మీ గురువు అవుతాడు అని బతిమాలింది. బిడ్డ రోమువాల్డ్ వాష్‌కినెల్‌గా పెరిగాడు. ఈ మాటలేవీ తెలియకుండానే 1966లో కేథలిక్ గురువయ్యాడు, లుబ్లిన్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం బోధించాడు. పెంచిన తల్లి అసలు సంగతి 1978లో చెప్పింది, కానీ కన్నవాళ్ళ పేర్లు ఆమెకు గుర్తులేవు. ఆచూకీ ఒక నన్ సాయంతో దొరికింది. 2009లో ఇజ్రాయెల్ వెళ్ళి, నాజీల చేతుల్లో చనిపోయిన యూదుల స్మారక సంస్థ యాద్ వషెమ్‌లో పాత పత్రాల విభాగంలో పనికి చేరాడు. సంతకం మాత్రం కన్నతండ్రి పేరునూ పెంచిన ఇంటిపేరునూ కలిపి చేస్తాడు: రోమువాల్డ్ యాకుబ్ వెక్స్‌లర్-వాష్‌కినెల్.