ఇంగ్లీషు ఒకటి కాదు, ఎన్నో



మన పిల్లలు చాలామంది మార్కులు బాగా తెచ్చుకుంటారు. ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో ప్రశ్న అడిగితే మాత్రం తమది తెలుగు యాస అని బెరుకు పడతారు. ఇంగ్లీషు ఎలా వ్యాపించిందో తెలిస్తే ఈ బెరుకు సగం తగ్గుతుంది.

మన యానాంలో 1954 వరకు సర్కారు భాష ఫ్రెంచి. చుట్టూ ఉన్న గోదావరి జిల్లాలో ఇంగ్లీషు. 1962 ఆగస్టు 16న మనం చట్టరీత్యా భారతదేశంలో కలిశాం. ప్రజాప్రతినిధులు మరోలా నిర్ణయించే వరకు ఫ్రెంచి అధికార భాషగా ఉంటుందని ఒప్పందంలో రాసుకున్నారు. అయినా కాకినాడలో పై చదువులకు, బ్యాంకు, రైల్వే ఉద్యోగాలకు ఇంగ్లీషే అవసరమయింది. భాషను పాలకులు తెచ్చినా, దాన్ని నిలబెట్టేది చదువూ బతుకుతెరువూను.

అలా వెళ్లిన భాష ఏ ఊళ్లోనూ ఉన్నది ఉన్నట్టు ఉండదు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1828లో తమ దేశానికి వేరే నిఘంటువు వేశాడు. సింగపూరు, నైజీరియా, జమైకాలలో స్థానిక భాషలు కలిసి కొత్త పోకడలు వచ్చాయి. ఇలాంటివన్నీ ఇంగ్లీషులేనని శ్రీనగర్‌లో పుట్టిన బ్రజ్ కచ్రు అనే పండితుడు 1980లలో వాదించి లోకాన్ని ఒప్పించాడు.

ఇందులో తెలుగు వాటా కూడా ఉంది. మన పొలాల్లోని పందికొక్కు ఇంగ్లీషులో ‘బాండికూట్’ అయింది. తెల్లవాళ్లు ఆ మాటను ఆస్ట్రేలియాకు మోసుకెళ్లి అక్కడి వేరే జంతువుకు పెట్టారు. ‘పోస్ట్‌పోన్’కు ఎదురుగా మన దేశంలో వాడుకైన ‘ప్రీపోన్’ ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉంది.

అయితే ఏది రాసినా చెల్లుతుందని కాదు. బ్యాంకులో గుమాస్తాగా ఇంగ్లీషు ఉత్తరాలతోనే పని చేసినవాణ్ణి గనుక మూడు సంగతులు చెబుతాను.

ఒకటి, యాస తప్పు కాదు. నిదానంగా, స్పష్టంగా పలికితే చాలు.

రెండు, వ్యాకరణ దోషానికి యాస పేరు పెట్టకూడదు. ‘ఐ హావ్ టూ బ్రదర్స్’ అనాల్సిన చోట ‘ఐ యామ్ హావింగ్’ అని రాస్తే పరీక్షలో మార్కులు పోతాయి.

మూడు, చదివేవారెవరో చూసుకోవాలి. మన 10,00,000ను విదేశాల్లో 1,000,000గా రాసి మిలియన్ అంటారు. లక్ష, కోటి అక్కడ చాలామందికి తెలియవు. 5/6 అంటే మనకు జూన్ 5, అమెరికా వారికి మే 6. కాబట్టి విదేశీ దరఖాస్తుల్లో నెల పేరు అక్షరాల్లో రాయండి. మనం ‘డూ ది నీడ్‌ఫుల్’ అని రాసే చోట, కావలసిన పని ఏమిటో విడమరచి రాయండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు రాదని భయపడకండి. పిల్లలచేత రోజూ ఒక పేజీ ఇంగ్లీషు బిగ్గరగా చదివించండి. మీకు అర్థం కాకపోయినా పక్కన కూర్చోండి. ఖర్చు లేని ట్యూషన్ అది.