కారులోని పటం, జేబులోని పటం

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఇందా పాత పేట. పట్టణానికి పేరు తెచ్చిందని చెప్పుకొనే ఖడ్గేశ్వరాలయం ఇక్కడే ఉంది. ఒకప్పుడు పూరీ జగన్నాథుని దర్శనానికి యాత్రికులు కాలినడకన సాగిన ఒరిస్సా ట్రంక్ రోడ్డు ఈ పేట నడుమనుంచే పోతుంది. ఓ.టి. రోడ్డు అంటే ఇక్కడ తెలియనివారుండరు. బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్రనుంచి పనికి వచ్చి, తరాలుగా ఇక్కడే స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో అనేకం. రైలులో స్వస్థలానికి పోవడం వారికి పెరట్లోకి పోయినంత సులభం. చిక్కంతా కారు కొన్న తరువాతనే మొదలవుతున్నది.

సంక్రాంతికో, మేనకోడలి పెళ్లికో కుటుంబమంతా కారులో బయలుదేరిందనుకుందాం. ఇచ్ఛాపురం చేరాలంటే సుమారు ఐదువందల కిలోమీటర్లు. దారిలో చెప్పుకోదగిన పెద్ద ఊరు బరంపురం. కారు ముందుభాగంలో కంపెనీవారే అమర్చి ఇచ్చిన తెరమీద ఆ ఊరి పేరు నొక్కాలి. ఈ తరహా యంత్రాలలో చాలావాటికి ఒక పద్ధతి ఉంది. ముందు రాష్ట్రం, తరువాత ఊరు, ఆ తరువాత వీధి. రాష్ట్రం మార్చకపోతే కారు ప్రస్తుతం నిలిచి ఉన్న రాష్ట్రాన్నే ప్రమాణంగా తీసుకుంటుంది. పశ్చిమ బెంగాల్‌లోనూ ఒక బరంపురం ఉన్నది మరి! ముర్షీదాబాద్ జిల్లా కేంద్రమైన బహరంపూర్ అది. ఇంగ్లీషు అక్షరాలలో ఆ రెండు పేర్లకూ తేడా ఆఖరున ఒకటి రెండు అక్షరాలు మాత్రమే. ఒడిశా బరంపురం ఖరగ్‌పూర్‌కు దక్షిణాన, బెంగాల్ బహరంపూర్ ఉత్తరాన ఉన్నాయి. తొందరలో వేలు ఒక వరుస పైన పడితే, సముద్రతీరం వెంట దిగవలసిన కారును యంత్రం వినయంగా మిడ్నపూర్ వైపు మళ్లిస్తుంది. “రెండు వందల మీటర్ల తరువాత కుడివైపుకు తిరగండి” అనే ఆ మర్యాదస్వరంలో సందేహమన్నది మచ్చుకైనా వినిపించదు.

ఇందా దగ్గరలోనే చౌరంగీ అనే కూడలి ఒకటుంది. కోల్‌కతా నడిబొడ్డున ఉన్న సుప్రసిద్ధమైన చౌరంగీ వేరు. పేరును నోటితో చెపితే వినే యంత్రాలు ఈ రెండింటిలో దేనిని ఎన్నుకుంటాయో ముందుగా ఊహించడం కష్టం.

ఇవి నవ్వుకొని సరిపెట్టుకోదగిన పొరపాట్లు. అసలు వ్యాధి ఇంతకన్న లోతైనది. దానిని అర్థం చేసుకోవాలంటే కారుకు దారి చెప్పే యంత్రాల పుట్టుక కొంత తెలియాలి.

1981లో జపాన్‌లోని హోండా సంస్థ ‘ఎలక్ట్రో గైరోకేటర్’ అనే పరికరాన్ని విడుదల చేసింది. అప్పటికి ఉపగ్రహాల సాయం సామాన్యులకు అందుబాటులో లేదు. కారు ఎటు తిరిగిందో హీలియం వాయువుతో పనిచేసే గైరోస్కోపు చెప్పేది. ఎంత దూరం నడిచిందో చక్రాల తిరుగుడు చెప్పేది. పారదర్శకమైన ఫిల్ముపై ముద్రించిన పటాన్ని తెరముందు దోపితే, ఒక వెలుగుచుక్క దానిమీద పాకుతూ పోయేది. పటం అంచు రాగానే మరో ఫిల్ము మార్చుకోవాలి. 1985లో కాలిఫోర్నియాలో ‘ఎటాక్’ అనే యంత్రం వచ్చింది. ఆ పేరు పసిఫిక్ దీవుల నావికుల విద్యనుంచి తెచ్చుకున్నది. అందులో పటాలు పాటల క్యాసెట్లవంటి టేపులమీద ఉండేవి. ఉపగ్రహాల జి.పి.ఎస్. విధానాన్ని కంపెనీయే అమర్చి అమ్మిన తొలి కారు 1990లో వచ్చిన మాజ్దా వారి యూనోస్ కాస్మో. ఆ సంకేతాలను పౌరుల విషయంలో అమెరికా ప్రభుత్వం బుద్ధిపూర్వకంగా మసకబరిచి ఉంచేది. 2000 మే నెలలో ఆ తెర తొలగించడంతో, వంద మీటర్ల వరకూ ఉండిన తేడా ఇరవై మీటర్ల లోపుకు దిగింది.

ఇక్కడ ఒక విషయం చాలామంది మరచిపోతారు. ఉపగ్రహం చెప్పేది ఒక్కటే: భూమిమీద మీరు ఫలానా చోట ఉన్నారు అని. అక్కడ రోడ్డున్నదో చెరువున్నదో దానికి తెలియదు. అది చెప్పవలసింది పటం. ఉపగ్రహపు మాట ప్రతి సెకనూ కొత్తది. పటం మాత్రం ఎవరో ఎప్పుడో గీసినది.

కారులో అమర్చి వచ్చే పటం ఎంత పాతబడగలదో తెలుసుకోవడానికి ఖరగ్‌పూర్ కన్న మంచి చోటు దొరకదు. 2010కి ముందు కోల్‌కతానుంచి ఇక్కడికి వచ్చే రహదారి ఆరవ నెంబరు. ఇక్కడినుంచి బాలేశ్వర్ వరకు అరవై. ఆపైన చెన్నై దాకా అయిదు. ఆ సంవత్సరం దేశమంతటా జాతీయ రహదారుల సంఖ్యలను మార్చారు. కోల్‌కతానుంచి ఖరగ్‌పూర్, భువనేశ్వర్, విశాఖపట్నం మీదుగా చెన్నై వరకు ఒకే సంఖ్య, పదహారు. పడమట బిలాస్‌పూర్‌కు పోయేది నలభైతొమ్మిది, ఉత్తరాన మోర్‌గ్రామ్‌కు పోయేది పద్నాలుగు అయ్యాయి. 2011లో ఒరిస్సా ఒడిశాగా మారింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. శ్రీకాకుళంలోని రాజాం విజయనగరానికి, పాలకొండ పార్వతీపురం మన్యానికి పోయాయి. రెండు వరుసల రహదారులు నాలుగయ్యాయి, నాలుగు ఆరవుతున్నాయి. ఊళ్లను తప్పించే బైపాసులు వచ్చాయి. ఇన్ని మార్పుల నడుమ, కారు కొన్ననాటి డిస్కు మాత్రం కారు కొన్ననాడే ఆగిపోయి ఉంటుంది. కొత్త బైపాసు మీద పోతుంటే తెరమీద కారు బొమ్మ పొలాల నడుమ ఈదుతూ కనిపిస్తుంది. యంత్రం మాత్రం “వీలైన చోట వెనుకకు తిరగండి” అని మొత్తుకుంటూనే ఉంటుంది.

పటాన్ని సరికొత్తగా మార్చుకోవచ్చు కదా అనవచ్చు. మార్చుకోవచ్చు. డీలరు దగ్గరకు పోయి, డిస్కుకో చిన్న కార్డుకో వేలల్లో చెల్లించాలి. అది మార్కెట్టుకు రాకముందే కొంత పాతబడి ఉంటుంది. కారు పదిహేనేళ్లు నడుస్తుంది. అందులోని యంత్రం తయారీ నాలుగైదేళ్లలో ఆగిపోతే ఆపైన కొత్త పటాలు అచ్చు వేసే నాథుడుండడు. అప్పుడది గోడకు మేకులతో బిగించిన కిందటేటి క్యాలెండరు.

ఈ విషయంలో ఇందాలోని రైల్వే కుటుంబాలను అడిగితే వారికి మరో దృష్టాంతం సిద్ధంగా ఉంటుంది. రైలింజను నడిపే లోకో పైలట్‌ను ఏ మార్గంమీదికీ తిన్నగా పంపరు. ముందుగా ఆ మార్గంలో అనుభవజ్ఞుల పక్కన ప్రయాణించి, ప్రతి సిగ్నలూ ప్రతి గేటూ ఎక్కడుందో నేర్చుకొని, మార్గం తనకు తెలుసునని సంతకం చేయాలి. దానిని ‘లెర్నింగ్ రోడ్’ అంటారు. అంతటితో అయిపోలేదు. మూడు నెలలకు పైగా ఆ మార్గంలో పని చేయకపోతే, ఎంతటి అనుభవజ్ఞుడైనా మళ్లీ నేర్పుడు ప్రయాణం చేయవలసిందే. పట్టాలమీద తప్ప పక్కకు పోలేని బండి విషయంలోనే మార్గజ్ఞానానికి మూడు నెలల గడువు పెట్టింది రైల్వేశాఖ! ఎటైనా తిరగగల కారులో మాత్రం ఏడెనిమిదేళ్లనాటి పటాన్ని నమ్మి అర్ధరాత్రి పిల్లాపాపలతో ప్రయాణం చేస్తున్నాము.

మరో విశేషం. పొగమంచులో సిగ్నళ్లు కనబడనప్పుడు లోకో పైలట్‌కు సాయపడేందుకు రైల్వేవారు ‘ఫాగ్ పాస్’ అనే జి.పి.ఎస్. పరికరాన్ని వాడుతున్నారు. రాబోయే సిగ్నలు, లెవెల్ క్రాసింగు వంటి గుర్తులను అది తెరమీద చూపి, సుమారు అయిదువందల మీటర్ల ముందే నోటితో హెచ్చరిస్తుంది. 2023-24 శీతకాలానికి అటువంటివి 19,742 సమకూర్చినట్లు రైల్వేశాఖ ప్రకటించింది. ఇది ఇంజనుకు బిగించినది కాదు. బ్యాటరీతో కలిపి కిలోన్నరకు మించని, చేతితో పట్టుకుపోగల పరికరం. ఏ ఇంజనులోనైనా పెట్టుకోవచ్చు.

రోడ్డుమీద ఆ పాత్రను మొదట గార్మిన్, టామ్‌టామ్ వంటి చిన్న పెట్టెలు పోషించాయి. అద్దానికి రబ్బరు గిన్నెతో అతికించుకొని, పని కాగానే ఊడదీసి సంచిలో వేసుకొనేవారు. 2009 అక్టోబరులో గూగుల్ సంస్థ ఫోనులోనే ఉచితంగా దారి చెప్పే ఏర్పాటు ప్రకటించగానే ఆ రెండు సంస్థల షేర్లు ఒక్కరోజులో కూలాయి. మనదేశంలో ఈ కథకు తెలుగు సంబంధం కూడ ఉంది. వీధుల పటాలే సరిగా లేని దేశాలలో ప్రజలే తమ ఊరి రోడ్లను గీసి చేర్చగల ‘మ్యాప్ మేకర్’ను 2008లో గూగుల్ ప్రారంభించింది. దానిని రూపొందించినవారిలో ప్రముఖుడు లలితేశ్ కట్రగడ్డ. 2017లో ఆ పేరుతో నడిచిన విభాగాన్ని మూసివేశారు గాని, వాడేవారే పటాన్ని దిద్దే పద్ధతి నిలిచిపోయింది. ఫోనులోని పటం బలమంతా అక్కడే ఉంది. నిన్న మూసిన గేటు సంగతి ఈరోజు ఎవరో ఒకరు చేర్చగలరు.

అలాగని ఫోనును నెత్తిన పెట్టుకోవడమూ వివేకం కాదు. ఖరగ్‌పూర్ వేసవిలో అద్దం వెనుక ఎండకు ఫోను కాగి ఆరిపోతుంది. కీలకమైన మలుపు దగ్గర బావమరిది ఫోను చేస్తాడు. సంకేతం అందని చోట తెర తెల్లబోతుంది. అన్నిటికన్న ప్రమాదకరం, రెండు నిమిషాలు కలిసివస్తాయని ముక్కూ మొహం తెలియని సందులోకి తోసే గుణం. కొత్త పటం కూడ అన్నివేళలా కొత్తది కాదని 2024 నవంబరులో రుజువైంది. ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ ప్రాంతంలో, ఫోను చూపిన దారిన పోయిన కారు, వరదలో కొంతభాగం కొట్టుకుపోయిన వంతెన మీదినుంచి రామగంగ నదిలో పడి ముగ్గురు మరణించారు. వంతెన కూలిన సంగతి పటానికి ఎక్కలేదు. దారికి అడ్డుగా సరైన కంచె కూడ లేదు. తప్పు పటానిది ఎంత, కంచె కట్టనివారిది ఎంత అన్న వాదం తరువాత సాగింది.

ఫోనును చేతిలో పట్టుకొని నడపడం ప్రమాదకరమైన డ్రైవింగుగా చట్టం పరిగణిస్తుంది. 2020 అక్టోబరు 1నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం డ్రైవింగులో అటువంటి పరికరాన్ని దారి చూసుకొనేందుకు మాత్రమే, అదీ ఏకాగ్రత చెడకుండా, వాడవచ్చు. ఈ ఒక్క విషయంలో కారులోని యంత్రానిదే పైచేయి. దాని తెర పెద్దది, కదలనిది. ఉపగ్రహం కనబడని సొరంగంలోనూ, పైవంతెన కిందా చక్రాల లెక్కతో స్థానాన్ని అంచనా వేయగలదు.

తెర కారుదీ, పటం ఫోనుదీ అయితే? 2014లో యాపిల్ వారి కార్‌ప్లే, 2015లో గూగుల్ వారి ఆండ్రాయిడ్ ఆటో ఆ పెళ్లి జరిపించాయి. ఫోనులోని పటమే కారు తెరమీద కనిపించే ఈ ఏర్పాటు ఇప్పుడు మనదేశంలో మధ్యతరగతి కార్లలోనూ సామాన్యమైంది. ఇంతకాలపు చికాకులకు ఇంతకన్న సరళమైన విరుగుడు లేదు. అయినా 2023లో అమెరికాలోని జనరల్ మోటార్స్ తన కొత్త విద్యుత్ కార్లనుంచి ఈ రెండింటినీ తొలగిస్తానని ప్రకటించింది. ఇంటర్నెట్‌తో తనంతతాను మారుతూ ఉండే పటాన్నే కారులో అమరుస్తుందట. అది డిస్కులాగ పాతబడకపోవచ్చు. కాని ఆ సేవకు చందా ఎన్నేళ్లు, ఎంత, చెల్లించడం మానితే ఆ తెర ఏమవుతుంది అన్న ప్రశ్నలు కారు కొనే ముందే అడగవలసినవి. షోరూములో సీటు తోలు గురించి అరగంట ఆరా తీసేవారు వీటిని అడగడం అరుదు.

ఇందానుంచి తెల్లవారుజామున బయలుదేరేవారు ఇంట్లో ఉండగానే ఒడిశా, ఆంధ్ర పటాలను ఫోనులోకి దింపుకొంటే, సంకేతం పోయినా దారి పోదు. ఊరి పేరుతోపాటు రాష్ట్రం పేరు కూడ చెప్పి, తెరమీద గీత దక్షిణానికి దిగుతున్నదో లేదో కదిలే ముందు ఒకసారి చూసుకోవాలి. ఆపైన బేల్దా, దాంతన్, జలేశ్వర్, బాలేశ్వర్, భద్రక్, కటక్. బరంపురం దాటి ఇచ్ఛాపురం సమీపించేసరికి దుకాణాలమీద తెలుగు బోర్డులు మొదలవుతాయి. అప్పుడు వెనుక సీటులోని పెద్దావిడ చెప్పే దారికీ ఫోను చెప్పే దారికీ పేచీ వస్తే, సాధారణంగా ఫోను గొంతే తగ్గిస్తారు.